ఫొటో ప్రింట్లు అమ్మాలా, ఊరికే ఇవ్వాలా?

పరిచయస్తురాలు ఒకావిడ ఈమధ్య నేను తీసిన ఫొటో ఒకటి చూసి, "దీని ప్రింటు పెద్ద సైజులో కావాలండీ, ఎంతవుతుందో చెప్పండి" అని అడిగారు. "మీ దగ్గర డబ్బులేంటండీ, వేయించి ఇస్తాను" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే వద్దులెండి" అన్నారు. నొచ్చుకున్నారేమోనని మళ్లీ కదిపితే అసలు సంగతి చెప్పారు. ఫొటో పెట్టాలనుకున్న గోడ బాగా వెడల్పాటిది, చిన్న ప్రింటు అక్కడ ఆనదు. ఎదురుగా కిటికీ ఉంది, కాబట్టి మెరిసే కాగితం పనికిరాదు. "ఊరికే ఇస్తున్న మనిషిని ఇవన్నీ ఎలా అడుగుతాను? మీరేది ఇస్తే అది తీసుకుని బాగుందనాలి" అన్నారు.

అప్పటిదాకా ఈ విషయంలో నా ఆలోచనంతా నా చుట్టూనే తిరిగేది. నా ఫొటోలు అమ్మేంత బాగుంటాయా, ధర చెబితే ఏమనుకుంటారు, సరదాకి చేసే పనిలోకి డబ్బు దూరితే సరదా మిగులుతుందా, ఇలా. తీసుకునే మనిషి వైపు నుంచి చూస్తే లెక్క మారిపోయింది. ఊరికే వచ్చిన ప్రింటు అంచు నలిగినా, రంగు తేడాగా ఉన్నా నోరు విప్పలేరు. కొన్నాళ్లకి మొహం మొత్తినా గోడ మీంచి తీసెయ్యలేరు, ఇచ్చినవాళ్లు ఎప్పుడు ఇంటికొస్తారోనని. డబ్బు పెట్టి కొనుక్కున్నదాని మీద ఉండే స్వేచ్ఛ కానుక మీద ఉండదు.

అందుకని ఇప్పుడు నా అభిప్రాయం ఇది. సరదాకి ఫొటోలు తీసేవాళ్లయినా సరే, ఎవరైనా కావాలని అడిగితే ప్రింటు అమ్మాలి. డబ్బు తీసుకున్నప్పుడే ఆ ప్రింటు ఎలా ఉందన్నదానికి మనం జవాబుదారీ అవుతాం. అయితే అమ్మడం కోసమని ఫొటో తీయకూడదు. ఈ రెండో మాట మొదటిదాని కన్నా కష్టం, దాని గురించే ఎక్కువ ఆలోచించాను.

లైకులు చూసి నిర్ణయించుకోవద్దు

"ఇంత బాగా తీస్తున్నారు, ప్రింట్లు అమ్మొచ్చు కదా" అన్నవాళ్లలో చాలామంది ఆ ఫొటోని అరచేతిలో రెండు మూడు సెకన్లు చూసినవాళ్లే. వాళ్ల మెప్పు నిజమైనదే. కానీ లైకు కొట్టడానికీ, రోజూ కళ్లెదుట ఏళ్ల తరబడి ఉంచుకోవడానికీ ఒక ఫొటోలో ఉండాల్సినవి వేరు. జారిపోతున్న వేలు ఆగాలంటే రంగులు గట్టిగా ఉండాలి, విషయం ఒక్క చూపులో తెలిసిపోవాలి. అలాంటి ఫొటో గోడ మీద కొద్దిరోజుల్లోనే అలవాటైపోయి, ఇక కంటికి కనపడటం మానేస్తుంది. అందరూ మెచ్చుకున్న నా సూర్యాస్తమయాలు కాగితం మీద చూస్తే ఉసూరుమనిపించాయి. ఎవరూ పట్టించుకోని పొగమంచు ఫొటో ఒకటుంది, నీళ్లెక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియనిది. గోడ మీద అది ఇప్పటికీ నన్ను ఆపుతుంది.

ఇందులో రుచి సంగతి కొంత, సాంకేతిక కారణాలు కొంత. తెర తన వెలుగు తనే పుట్టించుకుంటుంది. కాగితం తన మీద పడ్డ వెలుగునే తిప్పి పంపుతుంది. బ్రైట్‌నెస్ బాగా పెంచిన తెర మీద ఎడిట్ చేసిన ఫొటో ప్రింటులో చీకటిగా వస్తుంది, నీడల్లో ఉన్న వివరాలన్నీ నల్లగా ముద్దకడతాయి. తెర మీద వెలిగిపోయే నారింజ, నీలాల్లో కొన్ని సిరాతో రానే రావు. మ్యాట్, అంటే మెరుపు లేని కాగితం మీద నలుపు, మెరిసే గ్లాసీ కాగితం మీద ఉన్నంత గాఢంగా ఉండదు, కాబట్టి చీకటి మీదే నిలబడ్డ ఫొటో మ్యాట్‌లో నీరసపడుతుంది. అదే కాగితం మీద పొగమంచు ప్రాణం పోసుకుంటుంది. ఏ ఫొటోకి ఏ కాగితమన్నది చిన్న సైజు టెస్ట్ ప్రింట్లు వేసి, పగటి వెలుతురులోనూ రాత్రి దీపం కిందా చూస్తేనే తెలుస్తుంది.

సైజు సంగతి కూడా అంతే. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఇచ్చే 6000×4000 పిక్సెళ్లని అంగుళానికి 300 చొప్పున పరిస్తే 20 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పైచిలుకు ఎత్తు వస్తుంది. మంచి సైజే. కానీ దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపించాలని సగానికి పైగా క్రాప్ చేసేసి ఉంటే ఆ లెక్క నిలవదు. పెద్ద ప్రింటుని దూరం నుంచి చూస్తారు, 300 అక్కర్లేదంటారు. అదీ నిజమే, 200 లోపు ఉన్నా చాలాసార్లు సరిపోతుంది. అయినా నచ్చిన ఫొటో దగ్గరికి మనుషులు ముక్కు ఆనించేంత దగ్గరగా వస్తారు. మిత్రుడొకడు ఎంతో ఇష్టంగా పిట్ట ఫొటోని పెద్దగా ప్రింటు వేయిస్తే ఫోకస్ కంటి మీద లేదు, రెక్క మీద ఉందని అప్పుడు బయటపడింది. ఫోన్‌లో చూసినన్నాళ్లూ ఎవరికీ ఆ తేడా తెలియలేదు.

కాకిపిల్ల కాకికి ముద్దన్న బాధ మాత్రం ఏ లెక్కకీ లొంగదు. నా ఫొటో చూస్తే నాకు ఆ తెల్లవారుజాము, చలి, వెలుతురు కోసం పడిగాపులు, అన్నీ గుర్తొస్తాయి. కొనేవాళ్లకి అవేవీ అందవు. చట్రంలో ఉన్నదొక్కటే అందుతుంది. అందుకే నాకు తోచిన పరీక్ష ఒకటే. ప్రింటుని ముందు నా గోడ మీదే పెట్టుకోవాలి, ఆ రోజు తాలూకు జ్ఞాపకం పలచబడేదాకా ఉంచాలి. ఆ తర్వాత కూడా దాని ముందు ఆగుతుంటే అప్పుడు ఇంకొకరికి చూపించొచ్చు. నా దగ్గరున్నవాటిలో ఈ పరీక్షకి నిలిచేవి చాలా తక్కువ. అది నన్ను బాధపెట్టలేదు, పైగా ఆ కొన్నిటి మీద నమ్మకం పెరిగింది.

ఇష్టం చచ్చిపోతుందేమోనన్న భయం

నన్ను ఎక్కువకాలం ఆపింది ఇదే. కవిత్వాన్ని రాజులకి అమ్ముకోనన్న కవి పద్యాన్ని వల్లెవేసి పెరిగినవాళ్లం. కళ పక్కన డబ్బు కనపడితే లోపలెక్కడో కలుక్కుమంటుంది. ఆ కలుక్కుని చాదస్తమని కొట్టిపారేయను. నాకు తెలిసిన ఒకాయన పాత గోడలనీ, వాటి మీద పడే ఎండనీ అద్భుతంగా తీసేవాడు. అందరూ ఎగదోస్తే శనాదివారాలు ఫంక్షన్లకి ఫొటోలు తీయడం మొదలుపెట్టాడు. డబ్బులు బాగానే వచ్చాయి. కొన్నాళ్లకి ఖాళీ రోజున కెమెరా బ్యాగ్ ముట్టుకోవడమే మానేశాడు. "దాన్ని చూస్తే ఇంకా ఇవ్వాల్సిన ఆల్బమ్‌లు గుర్తొచ్చి టెన్షన్ వస్తోంది" అనేవాడు.

మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. నర్సరీ స్కూల్లో బొమ్మలు గీయడం ఇష్టమున్న పిల్లల్ని ఎంచుకున్నారు. కొందరికి "బొమ్మ గీస్తే బహుమతి పత్రం ఇస్తాం" అని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా, గీశాక ఇచ్చారు. మిగతావాళ్లకి ఏమీ ఇవ్వలేదు. తర్వాత ఎవరూ ఏమీ అనకుండా వదిలేసి చూస్తే, బహుమతి కోసం గీసిన పిల్లలు బొమ్మల దగ్గర గడిపిన సమయం, మిగతా రెండు గుంపుల పిల్లలు గడిపినదాంట్లో దాదాపు సగమే ఉంది. ఆశించకుండా బహుమతి అందుకున్న పిల్లల ఇష్టం మాత్రం తగ్గలేదు.

మొదట ఇది చదివి నాకు చాలా ధైర్యం వచ్చింది. ఎప్పుడో నా కోసం తీసుకున్న ఫొటోని ఇవాళ ఎవరో వచ్చి అడిగితే, అది ఆ చెప్పకుండా ఇచ్చిన బహుమతి లాంటిదే కదా అనుకున్నాను. కానీ ఆ ధైర్యం పూర్తిగా నిలవలేదు. ఆశించని బహుమతి ఒక్కసారే ఆశించనిది. రెండోసారి నుంచి దానికోసం ఎదురుచూపు మొదలవుతుంది. ఆ పొగమంచు ఫొటోని ఒకరిద్దరు అడిగాక, ఇంకోసారి మంచు కమ్మిన చోట కెమెరా ఎత్తితే నా మనసులో ముందు మెదిలింది "ఇది కూడా ఎవరైనా అడుగుతారు" అన్న ఆలోచనే. ఆ రోజు తీసినవన్నీ పాత ఫొటోకి నకళ్లలాగే వచ్చాయి.

దీనికి విరుగుడుగా ఒక నియమం పెట్టుకున్నాను. తీసి ఏడాది నిండని ఏ ఫొటోనీ అమ్మకానికి పెట్టను. తీసే క్షణానికీ డబ్బుకీ మధ్య అంత ఎడం ఉంటే, కెమెరా చేతిలో ఉన్నప్పుడు కొనేవాళ్ల ముఖం గుర్తుకు రావడం తగ్గుతుందని నా ఆశ.

చరిత్రలో వెతికితే నా వాదానికి అనుకూలంగానూ మనుషులు దొరుకుతారు, ఎదురుగానూ దొరుకుతారు. బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ జూలియా మార్గరెట్ కామెరాన్‌కి 1863 చివర్లో, 48వ ఏట, కూతురూ అల్లుడూ కెమెరా కొనిచ్చారు. కాలక్షేపానికని మొదలైన పని అది. రెండేళ్లు తిరక్కుండానే కొల్నాగీ అనే లండన్ డీలర్ ద్వారా ఆమె ప్రింట్లు అమ్మారు. ఇవాళ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అంటున్న సంస్థ 1865లోనే ఆమె ఫొటోలు కొంది. ఫోకస్ మెత్తగా ఉందని, నెగెటివ్‌గా వాడిన గాజు ప్లేట్ల మీద మరకలున్నాయని ఆనాటి ఫొటోగ్రఫీ పెద్దలు తప్పుపట్టారు. ఆమె ఆ మెత్తదనాన్ని వదులుకోలేదు. అమ్మకం ఆమె చేతిని కదిలించలేకపోయింది.

ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ యూజీన్ అట్జే కథ వేరు. పారిస్ పాత వీధుల్నీ, దుకాణాల అద్దాల్నీ, మెట్లనీ ఆయన తీసింది అమ్మడానికే. చిత్రకారులూ, గ్రంథాలయాలూ, మ్యూజియాలూ కొనుక్కునేవి. 1927లో చనిపోయేదాకా తనవి కళాఖండాలని చెప్పుకోలేదు, అవి పత్రాలు మాత్రమే అనేవాడు. ఇప్పుడు చూస్తే ఆ ఫొటోల్లో ఎంత ఏకాంతం! అమ్మడానికి తీసినవి ఇలా ఉండగలిగితే నా నియమం ఏమవుతుంది? నేను చెప్పుకునే సమాధానం ఒకటే. అట్జే ఏం తీయాలో కొనేవాళ్లని అడిగి తీసిన మనిషిలా కనపడడు. తన పిచ్చి తనది, దాంట్లోంచి వాళ్లకి కావలసింది వాళ్లు ఏరుకున్నారు. అంత నిబ్బరం నాకు లేదు. ఒకరు మెచ్చుకుంటే వంగిపోయే స్వభావం నాది, అందుకే నాకు ఏడాది ఎడం కావాలి. మీకు అక్కర్లేకపోవచ్చు.

ఎవరి ముఖం అమ్ముతున్నాం?

నేను తీసిన మంచి ఫొటోల్లో కొన్ని అపరిచితులవి. పనిలో మునిగిపోయినవాళ్లు, ఎక్కడికో చూస్తూ నిలబడ్డవాళ్లు. అవి తీసినందుకు నాకు సంకోచం లేదు. అమ్మడానికి మాత్రం ఉంది.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఫిలిప్ లోర్కా డికోర్షియా 1999-2001 మధ్య న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో, ఎత్తున ఫ్లాష్‌లు కట్టి, కింద నడిచిపోయేవాళ్ల ముఖాల్ని వాళ్లకి తెలియకుండా తీశాడు. ఒక్కో ఫొటోకి పరిమిత సంఖ్యలో వేసిన ప్రింట్లు గ్యాలరీ ద్వారా మంచి ధరకి పోయాయి. ఆ ముఖాల్లో ఒకటి ఒక యూదు పెద్దాయనది. తన బొమ్మని ఇలా వాడుకోవడం తన మతవిశ్వాసానికి విరుద్ధమని ఆయన కోర్టుకెళ్లారు. అది కళ అని, ప్రింట్లు అమ్మినంత మాత్రాన వ్యాపార ప్రకటన అయిపోదని 2006లో న్యూయార్క్ కోర్టు కేసు కొట్టేసింది.

చట్టం దేశానికొకలా ఉంటుంది. ఆ తీర్పుని నేను తప్పుపట్టను. అడిగి తీసేటట్టయితే వీధి ఫొటోగ్రఫీ అనేదే ఉండదు. డికోర్షియా ఫొటోలు గొప్పవి కూడా. అయినా ఆ పెద్దాయన వైపు ఆలోచించకుండా ఉండలేను. నా ముఖం ఎవరి గదిలోనో ధర పలికి వేలాడుతోందని రేపు తెలిస్తే నాకెలా ఉంటుంది? నా మటుకు నేను గీత ఇలా గీసుకున్నాను. మనిషి గుర్తుపట్టేలా ఉంటే, వాళ్లని అడగకుండా ఆ ప్రింటు అమ్మను. అడిగి, సరేనంటే, ముందు ఒక ప్రింటు వాళ్లకే ఇస్తాను. ఆచూకీ తెలియనివాళ్ల ఫొటోలు నా దగ్గరే ఉంటాయి. దీనివల్ల నా ఫొటోల్లోకెల్లా బాగున్నవి కొన్ని ఎప్పటికీ గోడలకెక్కవు. అది నాకు లోటే, అయినా సమ్మతమే.

ధర చెప్పేటప్పటి మొహమాటం

కాగితం, సిరా, వేస్ట్ అయిన టెస్ట్ ప్రింట్లు, నలగకుండా పంపడానికి గట్టి గొట్టం లేదా అట్టలు, దారిలో పాడైతే మళ్లీ వేసే ఖర్చు. ఇవన్నీ కూడితేనే చాలామంది ఊహించే ధర దాటిపోతుంది. ఎడిటింగ్‌కీ, ప్రింటు సరిదిద్దడానికీ పట్టిన గంటల్ని ఇంకా కలపనేలేదు. మొహమాటం ఉన్నవాళ్లం ఆ గంటల్ని వదిలేసి, "ఖర్చులిస్తే చాలండీ" అనేస్తాం.

అలా అనకూడదని నా గట్టి అభిప్రాయం. దీనితోనే ఇల్లు నడుపుకునే ఫొటోగ్రాఫర్లున్నారు. జీతం వేరే చోట నుంచి వచ్చే నేను ఖర్చులకే ప్రింటు ఇస్తే, ప్రింటు విలువ అంతేనని చూసినవాళ్లకి నేర్పుతున్నట్టు. నాది వాళ్ల స్థాయి కాదు, నా వల్ల వాళ్లకేం నష్టమని ఒకప్పుడు అనుకునేదాకా వచ్చాను. కొనేవాళ్లు స్థాయి చూసి పోల్చరు, ధర చూసే పోలుస్తారు. కాబట్టి గంటలకి కూడా డబ్బు తీసుకోవాలి. ఆ ధరకి ఎవరూ కొనకపోతే కొనలేదనే అర్థం, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

స్నేహితులూ బంధువులూ ఇంకో చిక్కు. వాళ్లు మొదటి కొనుగోలుదార్లయితే అది ఫొటో మీద ఇష్టమో, నా మీద అభిమానమో తేల్చలేం. "నేను ప్రింట్లు అమ్ముతున్నాను" అని వాళ్లకి చెప్పడమే వాళ్లని ఇరికించడం. దగ్గరివాళ్లకి చెప్పను, పుట్టినరోజుకో గృహప్రవేశానికో వాళ్లకి నచ్చింది కానుకగానే ఇస్తాను. ఇందాక కానుక గురించి అన్నమాట వాళ్లకీ వర్తిస్తుందని తెలుసు. కానీ వాళ్లు "ఇది బాలేదు, ఇంకోటియ్యి" అనగలిగినవాళ్లు.

"25 ప్రింట్లే వేస్తాం" తరహా పరిమిత ఎడిషన్ల జోలికి వెళ్లదలచుకోలేదు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ విలియం ఎగుల్‌స్టన్ తన పాత ఫొటోల్ని పెద్ద సైజులో డిజిటల్ ప్రింట్లుగా వేసి 2012లో క్రిస్టీస్ వేలంలో అమ్మాడు. 36 ప్రింట్లకి 59 లక్షల డాలర్లు వచ్చాయి. అవే ఫొటోల పాత పరిమిత ప్రింట్లు కొన్న సేకర్త ఒకాయన, తన దగ్గరున్నవాటి విలువ పడిపోతుందని దావా వేశాడు. కొత్త సైజులో, కొత్త పద్ధతిలో వేసినవి వేరే ఎడిషనేనని 2013లో కోర్టు దాన్ని కొట్టేసింది. అంత పెద్దవాళ్ల మధ్యే ఆ అంకెకి అర్థం ఇంత సాగితే, నాలాంటివాళ్లు వేసే అంకె కొనేవాళ్లకి దేనికి హామీ? ప్రింటు వెనక నా సంతకం, ప్రింటు వేసిన తేదీ, కాగితం పేరు, త్వరగా వెలిసిపోని పిగ్మెంట్ సిరా అన్న సంగతి పెన్సిల్‌తో రాస్తాను. కొనేవాళ్లకి పనికొచ్చే సమాచారం అదీ.

"ఫైలు ఇవ్వండి, మేం వేయించుకుంటాం"

ఇది ఎక్కువమంది అడిగేది, కాదనడం కష్టమైనది కూడా. పంపే బాధ లేదు, నలిగే భయం లేదు. ఫొటో ఎలాగూ నాదే కదా అనిపిస్తుంది.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ అనే ఊరి మీద చంద్రోదయాన్ని ఒక నెగెటివ్ మీద పట్టాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు వెయ్యికి పైగా ప్రింట్లు వేశాడు. తొలినాటి ప్రింట్లలో ఆకాశంలో మబ్బులు తేలికగా కనపడతాయి. పోనుపోను ఆ ఆకాశాన్ని దాదాపు నల్లగా చేసేశాడు. ఒకే నెగెటివ్, కానీ ప్రింటు వేసిన ప్రతిసారీ ఆయన మళ్లీ నిర్ణయించుకున్నాడు. బ్రెట్ వెస్టన్ అనే ఇంకో ఫొటోగ్రాఫర్ ఇంకా ముందుకెళ్లి, తన ప్రింట్లు తను తప్ప ఎవరూ వేయకూడదని 1991లో, 80వ పుట్టినరోజున నెగెటివ్‌లు చాలావరకు తగలబెట్టేశాడు. నాకు అంత పట్టుదల లేదు, అలా చేయాలని కూడా అనుకోను. కానీ తీసినంత మాత్రాన ఫొటో పూర్తవదని వాళ్లిద్దరినీ చూశాక ఒప్పుకుంటాను. ఫైలు ఇచ్చేస్తే, 3:2 నిష్పత్తిలో ఉన్న నా ఫొటోని 8×10 ఫ్రేములో పట్టించడానికి దుకాణంలో ఎవరో పక్కలు కోసేస్తారు. 12 అంగుళాల్లో 2 అంగుళాలు పోతాయి, పొగమంచులో అంచున ఉన్న ఆ ఒంటరి చెట్టుతో సహా. మెషిన్ తనంతట తను రంగులు పెంచేస్తుంది. అది నా ఫొటోయేనని చెప్పుకుంటారు, దానికి నేను జవాబు చెప్పలేను.

కాబట్టి ఫోన్‌లో పెట్టుకోవడానికైతే చిన్న సైజు ఫైలు ఎవరడిగినా ఊరికే ఇస్తాను. ప్రింటు మాత్రం నేనే వేయించి ఇస్తాను. కాగితం, సైజు, అంచు ఎంత వదలాలన్నది కొనేవాళ్ల ఇష్టం. రంగులు పెంచమనీ, చెట్టు తీసేయమనీ అడిగితే కుదరదని చెబుతాను. గాజుకి ఆనకుండా మధ్యలో అట్ట పెట్టించమనీ, నేరుగా ఎండ పడేచోట తగిలించొద్దనీ ప్రింటుతో పాటు కాగితం మీద రాసిస్తాను. అవన్నీ పాటించినా రంగు వెలిసిందంటే, ఎన్నాళ్లకి చెప్పినా సరే, డబ్బులడగకుండా మళ్లీ వేసిస్తాను.